కనుగొన్నవారెవరు? — మామత్ గుహాన్వేషణ గ్రంథములను గూర్చి

యాత్రాగ్రంథములయెడ మన గృహములకు గల ప్రీతి క్రొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర 1838లో చెన్నపట్టణమున అచ్చయినది మొదలు, కాలు కదపకయే దేశములు చూచుట మనకు వాడుకయైనది. ఆ 1838వ సంవత్సరముననే, సముద్రములకావల, అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున, ఇంచుమించు పదునేడేండ్ల నల్లజాతి బానిస యొకడు చేత దీపము పట్టుకొని యొక కొండగుహలో ప్రవేశించెను. వేడుక చూడవచ్చు దొరలకు దారి చూపుమని మాత్రమే యజమాని యాజ్ఞ. ఆయన పేరు స్టీఫెన్ బిషప్.

'బానిస యొకడు' అని వ్రాసి వెంటనే 'ఆయన' యని వ్రాసితిమి. చదువరులు గమనించియే యుందురు. ఇంగ్లీషు భాషలో నీ చిక్కు లేదు. యజమానికిని బానిసకును అందు సర్వనామమొక్కటియే. మన భాషలో నట్లు కాదు. వాడనుటయో ఆయన యనుటయో మొదటి పుటలోనే తేల్చుకొనవలెను. తేల్చుకొన్నంతనే వ్రాయువాని మనస్సు బయటపడును. ఈ గుహను గూర్చి వేర్వేరు కాలములయందు పుట్టిన మూడు ఇంగ్లీషు గ్రంథములను మేము వరుసగా చదివితిమి. ఇంగ్లీషు సర్వనామము దాచిపెట్టిన దానిని తెలుగు సర్వనామముతో వెలికిదీయుట యెట్లో చూతమనియే ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

ముందుగా గుహ సంగతి కొంత చెప్పవలెను. దాని పేరు మామత్ గుహ. ఏనుగును బోలిన ఆ ప్రాచీన జంతువునకును దీనికిని సంబంధము లేదు. మిక్కిలి పెద్దదనుటకే ఆ పేరు పెట్టిరి. ఇప్పటివరకు కొలిచి పటమునకెక్కించిన దారుల పొడవు 426 మైళ్లు, అనగా ఇంచుమించు 686 కిలోమీటర్లు. బెజవాడనుండి హైదరాబాదు పోయి మరల వచ్చినను ఇంకను మిగులు దూరము. లోకమున తెలిసిన గుహలలో నింత పొడవైనది మరియొకటి లేదు. ఇది నేరుగా సాగిపోవు సొరంగమనుకొనరాదు. అంతస్తులుగా, ఒకదానిపై నొకటియు, ఒకదాని ప్రక్క నొకటియు పెనవేసుకొన్న దారుల చిక్కు. వాననీరు మన్నులో నింకుచు బొగ్గుపులుసు గాలిని కలుపుకొని కొంచెము పులిసి, సున్నపురాతి పగుళ్లలో దిగి రాతిని కరిగించును. ఆ ప్రాంతమున ప్రవహించు గ్రీన్ నది తన లోయను లోతుచేసికొనిన కొలది భూమిలోని నీరును క్రింది క్రింది మట్టములకు దిగి క్రొత్త దారులు తొలిచెను; పై దారులు ఎండి మిగిలెను. ఆ గుట్టల నెత్తిన ఇసుకరాతి పొర యొకటి గొడుగువలె కప్పియుండుటచేతనే అవి కూలిపోక నిలిచినవి. లోపల ఎండకాలమైనను చలికాలమైనను చల్లదన మొక్క తీరుగానే యుండును, వెలుతురన్నది లేదు.

మేము చదివిన గ్రంథములలో మిన్నయైనది రోజర్ బ్రకర్, రిచర్డ్ వాట్సన్ అనువారు కలసి వ్రాసి 1976లో ప్రకటించిన 'ది లాంగెస్ట్ కేవ్'. వీరిరువురును తామే గుహలలో ప్రాకినవారు; వాట్సన్ తత్త్వశాస్త్రోపాధ్యాయుడు కూడ. ఫ్లింట్ గుట్ట క్రింద కొన్ని గుహలు, దాని యెదుటి గుట్ట క్రింద మామత్ గుహ. నడుమ హౌచిన్స్ లోయ. లోయ అడుగున ఒక గుట్టనుండి రెండవ గుట్టకు దారి కలదా లేదా యన్నది ప్రశ్న. ఉన్నచో అది మిక్కిలి క్రింది మట్టమున, నీటిలో, ఉండితీరవలెను. దీనిని తేల్చుటకు ఇంచుమించు ఇరువది యేండ్లు పట్టినది. ఆ యిరువది యేండ్ల కథయే ఈ గ్రంథమునకు ప్రాణము.

ఈ గ్రంథమున మాకు నచ్చినది సాహసము కాదు. సాహసము ప్రతి యాత్రాగ్రంథమునను చవుకగా దొరకును. ఇందు కనబడునది ఓపిక. ముగ్గురు నలుగురు జట్టుగా దిగుదురు. ఒకరు దిక్సూచి పట్టుదురు, ఒకరు కొలతపట్టీ లాగుదురు, ఒకరు బురదచేతులతో పుస్తకమున అంకెలు వ్రాయుదురు. పండ్రెండు, పదునాలుగు గంటలు మోచేతులపై ప్రాకి తెచ్చునది కొన్ని వందల అడుగుల కొలతయే. ఆ కొలత మరియొకరి కొలతతో కలసినగాని పటము కాదు. జ్ఞానమన్నది మెరుపు మెరిసినట్లు ఒక్కని తలలో పుట్టదనియు, నేతపనివలె పడుగుపేకలతో పలువురి చేతులలో పెరుగుననియు నింత చక్కగా చూపిన పుస్తకము మేమెక్కువగా చూడలేదు. పిల్లలకు శాస్త్రము నేర్పదలచిన తలిదండ్రులకు ఇది యొక్కటి చాలును.

ఈ కథలో నొక స్త్రీ యున్నది. ఆమె పేరు పాట్రీషియా క్రౌథర్. 1972 వేసవిలో మగవారికి పట్టని యొక మిక్కిలి యిరుకైన సందున ఆమె దూరి యావలకు పోయెను. ఆ సందే కడపటి దారికి ద్వారమైనది. ఈ ఘట్టమును తిరిగి చెప్పువారందరును ఆమె సన్నని దేహమును పొగడుదురు. కాని ఆమెయు ఆమె భర్తయు గుహకొలతలను గణనయంత్రమున కెక్కించి పటములు తీయుచుండిన వారని చెప్పువారు తక్కువ. స్త్రీ బుద్ధితో సాధించినదానిని దేహముపై వేసి చెప్పుట మన యిండ్లలో మాత్రమే కలదనుకొంటిమి. గుహలలో కూడ కలదని తెలిసినది.

ఆ యేడు ఆగస్టు నెల కడపట వారు ఆ సందు దాటి పోయి, మనుష్యుడెన్నడు నడుగిడలేదని తలచిన చోట, గోడపై 'పీట్ హెచ్' అను అక్షరములను, వాని ప్రక్క నొక బాణపు గుర్తును చూచిరి. పీట్ హాన్సన్ యను మామత్ గుహ మార్గదర్శకుడు 1930ల దశకమున అవతలివైపునుండి అంతవరకు వచ్చి, తాను వచ్చిన దారివైపు బాణము గీసి పోయెను. సెప్టెంబరు 9వ తేదీన జాన్ విల్కాక్స్ నాయకత్వమున ఆరుగురి జట్టు ఆ బాణము చూపిన దిక్కున పోయినది. చన్నీరు మెడవరకు వచ్చినది. కప్పునకును నీటికిని నడుమ తల పట్టు చోటు మాత్రమే మిగిలినది. ముందు పోవుచుండిన విల్కాక్స్ దీపమెత్తి చూడగా యాత్రికులు పట్టుకొని నడచు కమ్మీ కంటబడెను. రెండు గుహలు ఒక్కటైనవి. ఫ్లింట్ గుట్ట గుహల పొడవు 86.5 మైళ్లు, మామత్ గుహ పొడవు 57.9 మైళ్లు, ఉభయమును కలసి 144.4 మైళ్లు.

ఈ ఘట్టము చదువునపుడు మాకు ఒడలు పులకరించినది. ఇరువది యేండ్ల తపస్సు ఫలించి కడకు కంటబడినది శివలింగము కాదు, నిధి కాదు. ఇంటి మెట్లకు వేయు కమ్మీ వంటి ఇనుప కమ్మీ! చూచినవారి సంతోషమున కంతకంటె వలసినది లేకపోయెను. ఆ సంతోషమును దాచక, పెంచి చెప్పక, ఉన్నది ఉన్నట్లు వ్రాసినందులకు గ్రంథకర్తలను మెచ్చుకొనవలెను. ఐనను ఆ బాణపు గుర్తు మా మనస్సును వదలలేదు. ఎవరును రాలేదని తలచిన చోటను ఎవడో కూలివాడు ముందే వచ్చి గుర్తుపెట్టి పోయినాడు. 'కనుగొనెను' అను క్రియకు కర్త యెవరు?

ఇక మొదటి గ్రంథమునకు వత్తము. 1845లో లూయీవిల్ పట్టణమున అచ్చయిన ఈ చిన్న పుస్తకము 'రాంబిల్స్ ఇన్ ది మామత్ కేవ్' అనునది. గ్రంథకర్త తన పేరు వేసికొనక 'సందర్శకుడు' అని మాత్రము వేసికొనెను. అలెగ్జాండర్ బుల్లిట్ అని తరువాత తెలిసినది. వర్ణనలు ఆ కాలపు రుచికి తగినవి. ప్రతి కొండచరియయు దేవాలయమే, ప్రతి నీటిచుక్కయు సంగీతమే. నేటి చదువరికి విసుగు పుట్టించును. ఐనను ఈ పుస్తకమున నొక యమూల్యవస్తువు కలదు. అది గుహ పటము. 1842లో స్టీఫెన్ బిషప్ యజమాని యింట కూర్చుండి జ్ఞాపకమునుండి గీసినది. పటముపై ఆయన పేరే వేసిరి. గ్రంథకర్త పేరు లేని పుస్తకమున బానిస పేరున్నది! అచ్చువేసినవారి న్యాయబుద్ధికి ఇది గుర్తు. ఆ న్యాయబుద్ధి కాగితము దాటి పోలేదనుట కూడ నిజము. పటము గీసిన కాలమున ఆ పటముతో పాటు ఆ చేయి కూడ యజమాని సొత్తే.

వెల సంగతి చెప్పినగాని ఇది బోధపడదు. ఫ్రాంక్లిన్ గోరిన్ అను వకీలు 1838లో 5,000 డాలర్లకు ఈ గుహను కొని స్టీఫెనును అందు పనికి పెట్టెను. మరుసటి యేడే జాన్ క్రోగన్ అను వైద్యుడు 10,000 డాలర్లిచ్చి గుహతో పాటు స్టీఫెనును కొనెను. అనగా ఆ యేడాదిలో గుహ వెల రెట్టింపయినది. ఎందుచేత? అడుగులేని గొయ్యి యని పేరుబడి, అంతవరకు దారికి అడ్డమైయుండిన అగాధమును స్టీఫెన్ దాటెను. నిచ్చెన వేసెనని కొందరును, దేవదారు దుంగ వేసెనని కొందరును చెప్పుదురు. దాటి పోగా అవతల క్రొత్త దారులు, నదులు, ఆ నదులలో కన్నులు లేని తెల్లని చేపలు కనబడెను. ఆ చేపలు పండితుల గ్రంథములకెక్కినవి. ఆయన తన చేతులార తన యజమాని యాస్తిని పెంచి, తానును ఆ యాస్తిలో నొక పద్దుగా అమ్ముడుపోయెను. ఆయనతో పాటు దారిచూపిన మాట్, నిక్ బ్రాన్స్‌ఫర్డులను వారి యజమాని తలకు ఏటికి 100 డాలర్ల చొప్పున బాడుగకిచ్చెను. మాట్, పార్థీనా దంపతుల నలుగురు బిడ్డలలో ముగ్గురిని అమ్మివేసిరి. భూగర్భమున దారి తప్పిన యాత్రికుని వెదకి తెచ్చు మాట్, భూమిపై తన బిడ్డలను వెదకి తెచ్చుకొను హక్కు లేనివాడు.

క్రోగన్ వైద్యుని మరియొక ప్రయత్నమును మన గృహిణులు వినదగును. గుహలోని మారని గాలి క్షయరోగమును మాన్పునని నమ్మి, ఆయన 1842లో పదునైదు పదునారుగురు రోగులను గుహలో రాతిగుడిసెలు కట్టించి యుంచెను. వెలుతురు లేదు, వంటపొగయు దీపపుపొగయు పోవు దారి లేదు. కొందరు అక్కడనే మరణించిరి; తక్కినవారు రోగముతోనే బయటికి వచ్చిరి. వారికి అన్నము మోసినవారు బానిసలు. క్రోగన్ కూడ 1849లో క్షయచేతనే మరణించెను. గాలి వెలుతురు చొరని గదిలో బాలెంతరాండ్రను మూసియుంచు ఆచారము మనలో ఎంతకాలముండెనో తలచుకొన్నవారికి ఈ వైద్యుని చూచి నవ్వబుద్ధి కాదు.

ఈ గుహను చూడవచ్చిన గొప్పవారిలో ఎమర్సన్ ఒకడు. ఆయన 1850లో వచ్చెను. తరువాత భ్రాంతిని గూర్చి తాను వ్రాసిన ప్రసిద్ధ వ్యాసమును ఆ గుహాసందర్శనముతోనే ప్రారంభించెను. ఒక విశాలమైన గదిలో మార్గదర్శకుడు అందరి దీపములను తీసికొని ప్రక్కన దాచగా, నల్లని కప్పుపై నక్షత్రములు పొడిచినట్లు కనబడెనట. దాచిన దీపపు వెలుగు కప్పులోని స్ఫటికములపై పడి యట్లయినది. లోకమంతయు నిట్టి భ్రాంతియే యని తత్త్వవేత్త సెలవిచ్చెను. వ్యాసము గంభీరమైనది, మాకు దానియెడ గౌరవము కలదు. కాని ఆ దీపములు తీసికొన్న చేతులెవరివో వ్యాసము చెప్పదు. నక్షత్రములు భ్రాంతియని గ్రహించిన మహానుభావునకు, ఎదుటనున్న మనుష్యుడు ఇతరుల సొత్తనునది అంతకంటె పెద్ద భ్రాంతియని ఆ పుటలో తట్టకపోవుట వింత. ఎమర్సన్ బానిసత్వమునకు విరోధి. సభలలో గట్టిగా మాటలాడినవాడు. అందుచేతనే ఈ లోపమును చెప్పుచున్నాము. బానిసత్వమును సమర్థించువాని పుస్తకమున నిట్టిది వెదకుట వ్యర్థము గదా!

ఇతరుల తప్పెంచుచున్న మాకును ఒక లెక్క యున్నది. కొన్ని యేండ్ల క్రిందట మేము నంద్యాల సీమలోని బెలుము గుహలు చూడబోతిమి. పాతాళగంగ యను చోట మాతో వచ్చిన కుర్రవాడు ఒక్క నిమిషము దీపమార్పి చీకటి యెట్లుండునో చూపెను. ఇంటికి వచ్చి మిత్రులకు ఆ చీకటిని గూర్చి గంటసేపు వర్ణించితిమి. ఆ కుర్రవాని పేరేమని మా యింటి చిన్నది అడిగెను. మేము అడిగియుండలేదు. వానిని 'కుర్రవాడు' అనియే ఇప్పుడును వ్రాయవలసివచ్చినది.

బెలుము గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు పరిశీలించి వ్రాసెను. 1982, 83లలో జర్మను జట్టు కొలిచెను. పొడవు 3,229 మీటర్లు. ఈ కొలతలు ఉపకారములే. కాని కరపత్రములలో 'కనుగొనెను' అను మాట చూడుడు! ఆ సున్నపురాతి చేల నడుమ మేకలు కాచుకొను పల్లెవారు ఆ బిలమును ఎరుగరా? విశాఖ మన్యములోని బొర్రా గుహల విషయము ఇంకను వింత. 1807లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన దొర యొకడు వానిని కనుగొనెనని ఒకరిని చూచి యొకరు వ్రాయుచున్నారు. ఆ శాఖ స్థాపింపబడినది 1851లో. లేని శాఖకు చెందిన యుద్యోగి కనుగొనెననుటకు మనకు సంకోచము లేదు. తప్పిపోయిన ఆవును వెదకుచు పోయిన గొల్లవాడు బిలము చూచెనన్న మన్యపువారి కథకు మాత్రము పుక్కిటి పురాణమని పేరు. రెంటిలో దేనికిని ఋజువు లేనపుడు, దొర కథ చరిత్రయు గొల్లవాని కథ పురాణమును ఎట్లయినవి?

కొలిచి పటము గీయుటయే కనుగొనుట, ఊరక చూచుట కాదని యొక వాదము కలదు. దానిని మేము తేలికగా త్రోసివేయము. కొలత లేని జ్ఞానము ఇతరులకందదు. 'ది లాంగెస్ట్ కేవ్' గొప్పతనమంతయు అందే యున్నదని పైన మేమే వ్రాసితిమి. ఆ వాదమునే ఒప్పుకొందము. అప్పుడు మామత్ గుహను కనుగొన్నవారిలో ముందు వరుసవాడు స్టీఫెన్ బిషప్పే కావలెను గదా! పటము గీసినవాడు ఆయనయే. ఆయన నక్షరములు నేర్చినది బడిలో కాదు. యాత్రికుల పేర్లు దీపపుమసితో గుహ కప్పుపై వ్రాయుచు నేర్చెనని చెప్పుదురు. కాబట్టి కొలతవాదము కూడ దొరలకు కావలసినంతవరకే నడిచినది.

మూడవ గ్రంథము నవల. పైని పేర్కొన్న రోజర్ బ్రకరే 2009లో స్టీఫెన్ బిషప్పును గూర్చి ప్రకటించెను. కథ చెప్పునది స్టీఫెన్ భార్య షార్లెట్. గుహలో అడుగడుగును కొలిచి వ్రాసిన యొక పెద్దమనిషి, ముసలితనమున, కొలతకందని యొక బానిసస్త్రీ నోట కథ చెప్పింపవలెనని తలచుట మాకు మిక్కిలి హృద్యముగా తోచినది. ముందటి గ్రంథముల ఋణమును తీర్చుకొనుటయే ఇది. ఐనను ఒక మాట. షార్లెట్ తాను వ్రాసి యుంచినది మనకు దొరకలేదు. ఆమె మాటలుగా మనము చదువునవి తెల్లజాతి పురుషుని మాటలు, నూటయేబదియేండ్ల తరువాతివి. మన నవలలలో అంటరానివారి కష్టములను అగ్రవర్ణపువారు కరుణతో వ్రాసినపుడు కలుగు సంతోషమును, కలుగు వెలితియు రెండును ఇందు కలవు. నవల వలదని మేమనము. అది సాక్ష్యము కాదని తెలిసి చదువవలెనందుము.

క్రోగన్ తాను చనిపోయిన ఏడేండ్లకు తన బానిసలను విడుదల చేయవలెనని మరణశాసనమున వ్రాసెను. అట్లు స్టీఫెన్ 1856లో స్వతంత్రుడయ్యెను. భార్యతోను కుమారునితోను ఆఫ్రికాలోని లైబీరియాకు పోవలెనని ఆయన కోరిక యని చూచినవారు వ్రాసిరి. పోలేదు. మరుసటి యేడే మరణించెను. బ్రాన్స్‌ఫర్డుల సంతతివారు తరతరములుగా ఆ గుహలో దారిచూపుచునే వచ్చిరి. 1941లో ప్రభుత్వమువారు దానిని జాతీయోద్యానముగా చేసినపుడు ఆ నల్లజాతివారికి అందు ఉద్యోగములు లేకపోయెను. ఆ కుటుంబమువాడొకడు మరల దీపము పట్టుట 2004లో జరిగినది.

స్టీఫెన్ సమాధిపై చాలకాలము రాయి లేదు. 1881లో పూర్వ మొకప్పుడు గుహ చూచి పోయిన యొక ధనికుడు రాయి పంపెను. అది క్రొత్తరాయి కాదు. యుద్ధమున మడిసిన సైనికునికై చెక్కిన దాని పేరు చెరిపి స్టీఫెన్ పేరు చెక్కించినది. మామత్ గుహకు మొదటి మార్గదర్శకుడనియు అన్వేషకుడనియు దానిపై నున్నది. మరణసంవత్సరము 1859 అని యున్నది. ఆయన మరణించినది 1857లో.